వెనక్కి వేసిన అడుగులు

నవంబరు 17, ఆదివారం. ఉదయం ఆరున్నర. సరూర్‌నగర్ చెరువు పక్క పార్కు.

హాజరైనవారు: మాస్టారు. సాధకులు పద్నాలుగు మంది, అందులో ఆడవాళ్లు ఐదుగురు. కొత్తగా చూడడానికి వచ్చినవాళ్లు ఆరుగురు. నేను. నా భార్య, సిమెంటు బెంచీ మీద. ఆమె తమ్ముడు, అంటే మా బామ్మర్ది, మొదటిసారి ముందు వరుసలో.

ఈ జాబితాను ఇంకా ఏమీ జరగకముందే డైరీలో రాసుకున్నాను. ముందు హాజరు వేయడం నా అలవాటు. నీటిపారుదల శాఖలో ముప్పైనాలుగేళ్లు కాలువ పనుల కొలతలు రాసే ఉద్యోగం చేశాను. టేపు ఒక కొస నేను పట్టుకోకుండా, రెండో కొస నా కళ్లతో చూడకుండా కొలతల పుస్తకంలో ఒక్క అంకె వేయలేదు. ఎండలో గట్ల మీద నిలబెట్టి కాంట్రాక్టర్లను విసిగించేవాణ్ణి. "సారు రాసిండంటె ఇగ అడిగేదేం లేదు" అని వాళ్లే అనేవారు. రిటైరయ్యాక ఆ మాట అనేవాళ్లు లేకుండా పోయారు. మళ్లీ ఆ మాట నా చెవిన పడ్డది ఈ పార్కులోనే.

మాస్టారు కోస్తా వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డ మనిషి. వయసులో ఉన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు కరాటే నేర్పాడట. ఇప్పుడు అరవై దాటాయి. వీపు మాత్రం గోడకు ఆనించినట్టు నిటారుగా ఉంటుంది. "బయటి బలం నలభైతో సరండీ. లోపలి బలం అప్పుడే మొదలవుతుంది" అనేవాడు. ఆయన నేర్పే సాధనలో మూడు భాగాలు. మొదటిది నిలబడడం. మోకాళ్లు కొద్దిగా వంచి, పెద్ద కాగును కావలించుకున్నట్టు చేతులు ముందుకు చాపి, ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి. రెండోది ఊపిరితో పాటు చేతులూ నడుమూ మెల్లగా తిప్పడం. మూడోది శక్తి పరీక్ష.

మొదటి రెండింటి గురించి నాకు ఫిర్యాదు లేదు. మొదటి వారం తొడలు వణికి, ఇంటికొచ్చి మెట్లెక్కలేకపోయాను. నెల తిరిగేసరికి ఊపిరి బొడ్డు దాకా దిగడం తెలిసింది. అరచేతులు వెచ్చబడేవి. పదేళ్లుగా నాలుగింటికే తెరుచుకునే కళ్లు ఐదున్నర దాకా మూసుకుని ఉన్నాయి. ఇవన్నీ డైరీలో ఉన్నాయి, అన్నీ నిజాలే. అక్కడితో ఆగి ఉంటే నేను ఇప్పుడిది రాసే పని ఉండేది కాదు.

శక్తి పరీక్ష అంటే, మాస్టారు ఎనిమిది అడుగుల దూరంలో నిలబడి, రెండు అరచేతులూ మన వైపు తిప్పి మెల్లగా నెడతాడు. చెయ్యి తాకదు. ఎదుటివాడు వెనక్కి తూలతాడు. బాగా "తెరుచుకున్నవాడు" నాలుగైదు అడుగులు వెనక్కి పోయి, వెనక పరిచిన చాప మీద కూలబడతాడు. నాలుగేళ్ల కిందట, చేరిన మొదటి మూడు వారాలు నాకు ఏమీ తెలియలేదు. ఏమీ తెలియలేదనే రాసుకున్నాను. మాస్టారు నా దగ్గర ఆగి, "పర్వాలేదండీ, ఇంకా తెరుచుకోలేదు" అని పక్కవాడి దగ్గరికి వెళ్లేవాడు. ముప్పైనాలుగేళ్లు ఎక్కడా ఫెయిల్ కాని నాకు ఆ మాట గుచ్చుకునేది.

నాలుగో వారం ఎవరో అతిథులు వచ్చారు. వరుసలో అందరూ తూలారు. నా వంతు వచ్చింది. మాస్టారి అరచేతులు నా వైపు వచ్చాయి. ఆయన పైపెదవి మీద చెమట చుక్క కనిపించింది. పెద్దమనిషి, అంతమంది ముందు. నా కాలు దానంతటదే ఒక అడుగు వెనక్కి పడింది. తర్వాత ఇంకొకటి. చప్పట్లు మోగాయి. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "నేడు శక్తి తగిలినది. రెండడుగులు."

కాలు దానంతటదే పడిందా, నేను వేశానా? ఆ ప్రశ్న ఆ పూటే వేసుకోవలసింది. వేసుకోలేదు. తర్వాత వారం మూడు అడుగులు. సంక్రాంతి దాటాక నాలుగు. అంకెలు పెరుగుతుంటే ఎవరికైనా బాగుంటుంది, నాకు ఇంకా బాగుంటుంది. ఆ నాలుగేళ్లలో నేను పడే తీరు కూడా కుదిరింది. మోకాలు వదిలి, ఎడమ చెయ్యి ముందే వెనక్కి పెట్టి, పిరుదుల మీద మెత్తగా కూర్చోవడం. నిజంగా ఎవరైనా నెట్టితే అంత శుభ్రంగా పడడం ఎవరికీ రాదు.

కొత్తవాళ్లు అనుమానంగా చూస్తే మాస్టారు నన్నే చూపేవాడు. "సార్‌ని అడగండి. గవర్నమెంటులో కొలతలు రాసిన మనిషండీ. రోజూ డైరీ రాస్తారు. ఎన్ని అడుగులో లెక్క చెప్తారు." నేను సంచిలోంచి డైరీ తీసి చూపేవాణ్ణి. సిగ్గు లేకుండా చూపేవాణ్ణి.

మా బామ్మర్ది బస్సు డ్రైవరు. నల్లగొండ రోడ్డు మీద జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యాడు. వయసులో మా అత్తగారి ఊళ్లో తాలీంలో కుస్తీ పట్టినవాడు. రెండేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. తర్వాత నడక చిన్నదైంది, అడుగులు నేలకు రాసుకునేవి. వణుకు జబ్బని డాక్టరు చెప్పాడు. మాత్రలు పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఏడింటికి. గంట కూడా తప్పొద్దన్నాడు.

అతనికి పెద్ద కోరికలేం లేవు. ఎల్బీనగర్ చౌరస్తా పక్క సందులో ఒక చాయ్ హోటల్ ఉంది. పాత డ్రైవర్లంతా సాయంత్రం అక్కడ కూడతారు. ఇంటి నుంచి పది నిమిషాల దారి. ఎవరూ పట్టుకోకుండా, కర్ర లేకుండా అక్కడిదాకా నడిచిపోవాలి. అంతే. కొడుకు బండి మీద దింపుతానంటే ఒప్పుకునేవాడు కాదు. "సామాన్లెక్క దించిపోతే నేనేం డ్రైవర్నిరా" అని కసిరేవాడట.

ఈ ఆగస్టులో అతన్ని పార్కుకు రమ్మన్నాను.

"నిలవడుడు నేర్చుకోనీకె పార్కుకు రావాల్నా బావా? బస్‌స్టాపుల నిలవడ్డా సాలదా?" అన్నాడు.

"నవ్వుతవ్ గని, నా నిద్ర సూడు, నా బీపీ సూడు. అన్నీ రాసిపెట్టిన."

"నువ్వు రాసినవంటె ఇగ అడిగేదేంది. వస్త తియ్యి."

వచ్చాడు. నిలబడడం అతనికి బాగా పనికొచ్చింది. ఇది కూడా నిజమే, దాచను. మొదట రెండు నిమిషాలు నిలబడేవాడు, దసరాకు పదకొండు నిమిషాలు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పట్టే సమయం నా వాచీతో చూసి రాశాను. అది సగానికి సగం తగ్గింది. ఒకరోజు పార్కు గేటు నుంచి చైతన్యపురి మెయిన్ రోడ్డు దాకా నా చెయ్యి పట్టుకోకుండా నడిచాడు. పైన మెట్రో పోతుంటే తలెత్తి చూసి, "గా డ్రైవర్‌కు ట్రాఫిక్ లేదు, హారన్ లేదు, తిట్టనీకె ఒక్కడు లేడు. అదేం డ్రైవింగ్ బావా" అన్నాడు. అతను నవ్వడం చూసి చాలా రోజులైంది.

అప్పుడే మాస్టారు ఒక మాటన్నాడు. "మాత్ర వేసుకుని నిలబడితే లోపలి కదలిక తెలీదండీ. సాధన అయ్యాక వేసుకోమనండి." నేను ఇంటికి వచ్చి స్కేలు పెట్టి గీతలు గీసి కొత్త పట్టిక తయారుచేశాను. పొద్దున మాత్ర, సాధన ఉన్న రోజుల్లో, ఎనిమిదిన్నరకు. నా భార్య చూసింది.

"డాక్టర్ను అడిగినవా?"

"గంటన్నరే గదనే."

"నీకు గంటన్నరే. వాని కాళ్లకు ఎంతనో నీకేమెర్క?"

పట్టికను బామ్మర్ది ఇంట్లో ఫ్రిజ్ మీద నేనే అంటించాను.

ఆ ఆదివారం మాస్టారు అతన్ని ముందు వరుసలోకి పిలిచాడు. మూడు నెలలు వెనక వరుసలో ఉన్నవాడు. ఇంతవరకు పరీక్ష చేయలేదు. "మీ బామ్మర్దిగారిని ఇవాళ తెరుద్దామండీ" అన్నాడు నాతో. నాకు గర్వంగా అనిపించింది. అతను చెప్పులు విడిచి, లుంగీ సర్దుకుని, కష్టం మీద మోకాళ్లు వంచి నిలబడ్డాడు. మాత్ర లేని పొద్దు. మొహం కొయ్యలా ఉంది. అది కూడా కళ్లతో చూశాను.

ముందు నా పరీక్ష జరిగింది. ఐదు అడుగులు పోయి చాప మీద కూర్చున్నాను. చప్పట్లు. లేచి దుమ్ము దులుపుకుని పక్కకు నిలబడ్డాను.

తర్వాత అతని వంతు. మాస్టారు అరచేతులు చాపాడు. బామ్మర్ది కదలలేదు. చేతులు పక్కన వణుకుతున్నాయి, కాళ్లు మాత్రం నేలలో పాతినట్టున్నాయి. మాస్టారు ఊపిరి బిగించి మళ్లీ నెట్టాడు. అతను కదలలేదు. కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఈయనలో అడ్డుందండీ" అన్నాడు మాస్టారు అందరికీ వినపడేలా. "జబ్బు అడ్డుకుంటోంది. ఒళ్లు వదలడం లేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "సార్, మీ మాటయితే వింటారు. మీరు చెప్పండి."

అందరూ నన్ను చూశారు. నేను అన్నాను: "ఒళ్లు ఇడిసిపెట్టు. బిగవట్టకు."

అతను తల తిప్పి నన్ను చూశాడు. చాలాసేపే చూశాడు. భయపడుతున్నాడని అనుకున్నాను.

"సరే బావా" అన్నాడు.

మూడోసారి చేతులు చాపగానే అతను వెనక్కి వాలాడు. అడుగు పడలేదు. మోకాలు మడవలేదు, చెయ్యి వెనక్కి రాలేదు. నిలబెట్టిన బల్ల పడినట్టు, చాప అంచు దాటి, కుడి పక్కకు ఒరిగి, నడక దారికి వేసిన రాళ్ల మీద కుడి తుంటి ముందుగా తగిలేలా పడ్డాడు. పచ్చి కట్టె విరిగిన చప్పుడు. అతను అరవలేదు.

ముగ్గురో నలుగురో చప్పట్లు కొట్టారు. "చూశారా, అడ్డు తొలగింది" అన్నాడు మాస్టారు. ఆ మాట పూర్తయ్యేలోపే నా భార్య బెంచీ మీద నుంచి లేచి పరుగెత్తుకొచ్చింది.

దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు. డాక్టరు అతని కాగితాలు చూసి, "పొద్దున మాత్ర ఎన్నింటికి వేసుకున్నాడు?" అని అడిగాడు.

"ఇంకా వేసుకోలేదండి" అన్నాను.

"ఎందుకు?"

పట్టిక నకలు నా సంచిలో, డైరీలోనే ఉంది. తీయలేదు. ఆలస్యమైందని చెప్పాను. ఆయన నా మొహం చూసి ఇంకేం అడగలేదు. "ఆపరేషన్ చేస్తాం. ఎముక అతుక్కుంటుంది. నడక సంగతి మాత్రం నన్నడగొద్దు. ఈ జబ్బున్న మనిషి ఇకమీద సాయం లేకుండా నడవడం కష్టమే" అన్నాడు.

మాస్టారు దవాఖానకు రాలేదు. ఫోన్ చేశాడు. "ఈయన శక్తిని ఒక్కసారిగా లోపలికి తీసుకున్నారండీ, శరీరం సిద్ధంగా లేదు" అన్నాడు. నేను "సరేనండి" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ రోజు నేనన్న మాటలన్నిటిలో ఆ "సరేనండి" నాకు ఎక్కువ అసహ్యం కలిగిస్తుంది.

బామ్మర్ది దగ్గర అతని భార్య, కొడుకు ఉన్నారు. మేమిద్దరం సాయంత్రం ఇంటికొచ్చాం. బల్ల దగ్గర కూర్చుని డైరీ తెరిచాను. హాజరు జాబితా కింద రాశాను: "నేను, ఐదడుగులు. బామ్మర్ది పడినాడు. కుడి తుంటి. దవాఖాన." కలం మూత పెడుతుంటే నా భార్య వచ్చి నిలబడింది.

"రాసినవా?"

"రాసిన."

"నీకు నిజంగ తగుల్తదా గాయన చెయ్యి?"

నలభయ్యేళ్ల పైబడ్డ కాపురంలో ఆమె నన్నెప్పుడూ డైరీలోని అంకె గురించి అడగలేదు. నేను పాత డైరీలు నాలుగూ తీశాను. అడుగులు, అడుగులు, అడుగులు. నా చేతిరాతే, గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంది. టేపు ఏ కొసనూ ఎవరూ పట్టుకోలేదు.

"నా తమ్ముడు నీ రాత సూసి అచ్చిండు" అంది. "గా మాస్టర్ను సూసి గాదు." లైటు ఆర్పి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఆరున్నరకు పార్కుకు వెళ్లాను. తిట్టడానికి కాదు. నాకు తెలియాల్సింది ఒకటే ఉంది, దాన్ని తెలుసుకునే చోటు కూడా అదొక్కటే. అంతా మామూలుగా ఉంది. చెరువు వాసన, గేటు దగ్గర ఇడ్లీ బండి, కోచింగ్ పిల్లలు చెవుల్లో వైర్లు పెట్టుకుని నడవడం. సాధకులు బామ్మర్ది గురించి అడిగారు. "పాపం, పెద్దాయన" అన్నారు. చాప నిన్నటి చోటే పరిచి ఉంది. నిన్నటి కొత్తవాళ్లలో ఇద్దరు మళ్లీ వచ్చారు.

ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఊపిరి బొడ్డు దాకా దిగింది. చేతులు వెచ్చబడ్డాయి. ఎప్పటిలాగే.

పరీక్షలో మాస్టారు ముందు నన్నే పిలిచాడు. అరచేతులు చాపాడు. మడమలు నేలకు ఆనించి నిలబడ్డాను. నాలుగేళ్ల అలవాటు నా మోకాళ్ల వెనక గుంజింది, అది మాత్రం స్పష్టంగా తెలిసింది. ఎడమ చెయ్యి వెనక్కి పోబోయింది. మనసు శరీరాన్ని పడేయగలదని మాస్టారు తరచూ చెప్పే మాట అబద్ధం కాదు. పడేస్తున్న ఆ మనసు ఆయనది కాదు, నాది. దాన్ని పట్టుకుని నిలిపాను. ఇంకేమీ తగలలేదు. చెరువు మీంచి వచ్చే గాలి తప్ప నా ఒంటి మీద ఏమీ లేదు.

ఆయన రెండోసారి నెట్టాడు. తర్వాత రెండడుగులు దగ్గరికి వచ్చి, పెదాలు కదిలీ కదలనట్టుగా, నాకొక్కడికే వినపడేలా అన్నాడు:

"సార్, ఒక్క అడుగు వెయ్యండి. కొత్తవాళ్లు చూస్తున్నారు."

ఆయనకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

నేను కదలలేదు. ఆయన నిటారైన వీపుతోనే అందరి వైపు తిరిగి, "ఇవాళ సార్ మనసు బాగాలేదండీ. ఇంటి మనిషికి ప్రమాదం జరిగింది కదా. మనసు మూసుకుంటే ఇలాగే ఉంటుంది" అన్నాడు. అందరూ జాలిగా తలలూపారు. నా పక్కనున్న బ్యాంకు రిటైర్డ్ ఆయన మూడు అడుగులు వెనక్కి పోయి చాప మీద కూర్చున్నాడు. చప్పట్లు వినిపిస్తుండగా నేను చెప్పులేసుకున్నాను. నాలుగేళ్ల పాటు నా డైరీ చూపించి నమ్మించింది నేనే. ఇప్పుడు అదంతా అబద్ధమని ఏ నోటితో చెప్పను?

అక్కడి నుంచి ఆటోలో దవాఖానకు వెళ్లాను. ఎనిమిది కావస్తోంది. బామ్మర్ది భార్య టిఫిన్ తేవడానికి కిందికి పోయిందట. అతనొక్కడే ఉన్నాడు. కుడికాలికి బరువు కట్టి ఉంది. చెయ్యి దుప్పటి మీద వణుకుతోంది.

స్టూలు మీద కూర్చున్నాను. "ఇప్పుడే పార్కుకు పోయొచ్చిన. నిలవడ్డ. ఏం తగల్లే. ఎన్నడూ తగల్లే" అన్నాను.

అతను పైకప్పు వైపే చూస్తున్నాడు. మాటలు మెల్లగా, ఒక్కొక్కటిగా వచ్చాయి.

"నాకెర్కే బావా."

"ఎర్కనా?"

"కుస్తీల పెరిగినోణ్ణి. పడేటోడెవడో, పడేసుకునేటోడెవడో నాకెర్క గాదా? నువ్వు చెయ్యి ముందే ఎనకకు పెడ్తవ్. మొదటి దినమే సూసిన."

"మరి నువ్వెందుకు పడ్డవ్‌రా?"

"అందరి ముంగట బావ పడి, బామ్మర్ది నిలవడితె, నిన్నేమనుకుంటరు? నీ బుక్కునేమనుకుంటరు? మెల్లగ కూసుందామనుకున్న. ఉస్తాద్ మొదాల నేర్పింది పడుడే. కాళ్లు యినలే."

అతను తల నా వైపు తిప్పాడు.

"డైరీ తెచ్చినవా?"

సంచిలోనే ఉంది.

"నిన్నటిది సదువు."

చదివాను. నేను, ఐదడుగులు. బామ్మర్ది పడినాడు. కుడి తుంటి.

"నేను నిలవడ్డ గద బావా" అన్నాడు. "రెండుసార్లు నిలవడ్డ. మాత్ర లేకుంట నిలవడ్డ. అది రాయలే?"

రాయలేదు. ఆ పార్కులో ఆ పొద్దున జరిగిన ఒకే ఒక్క నిజం అది, దాన్ని నేను రాయలేదు. కలం తీశాను. అతను నా చేతినే చూస్తున్నాడు. "రెండుసార్లు నిలబడినాడు" అని రాసి, ఐదడుగుల మీద గీత కొట్టాను. నా డైరీల్లో అదే మొదటి కొట్టివేత.

వాచీ చూసుకున్నాను. ఎనిమిది ఇరవై. ఏడింటికి వేయాల్సిన అతని పొద్దుటి మాత్ర ఇంకా బల్ల మీదే, కాగితం పొట్లంలో ఉంది. ఎవరూ వేయలేదు. లేచి నర్సు కోసం వెళ్లాను.